రిమోట్ ఎవరి చేతిలో ఉండాలి? సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమాలు

థాంక్స్‌గివింగ్ అయిపోయింది. టర్కీ వండుకున్నవాళ్ళు టర్కీ, మాలాగా గుత్తివంకాయ, పులిహోర చేసుకున్నవాళ్ళు అవీ తినేసి, మిగిలింది ఫ్రిజ్‌లో సర్దేసి ఉంటారు. ఇక్కడ న్యూజెర్సీలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతోంది. ఇంకో రెండు నెలలు ఇదే వరస.

ఈ మధ్య మీరు పంపిన మెసేజుల్లో ఒకే ప్రశ్న చాలాసార్లు కనబడింది. "అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు, పిల్లలకి సెలవులు, బయట చలి. అందరం కలిసి చూడ్డానికి ఏవైనా మంచి సినిమాలు చెప్పండి" అని. సరే, ఈ ఎపిసోడ్ అంతా అదే. ఆరేడు సినిమాలు చెప్తాను. ఏ ఆప్‌లో ఉందో మాత్రం నన్నడగొద్దు. అవి నెలకోసారి ఇల్లు మారతాయి. పేరు కొట్టి వెతుక్కోండి.

ముందు మా ఇంట్లో సంగతి చెప్తాను. పోయిన శీతాకాలం మా అమ్మానాన్నలు మా దగ్గరే ఉన్నారు. అక్టోబర్‌లో వచ్చారు, మార్చిలో వెళ్ళారు. వచ్చిన కొత్తలో ఒక నెలపాటు మా ఇల్లు ఎలా ఉండేదంటే, నాన్న పైగదిలో ఐపాడ్ పెట్టుకుని తెలుగు వార్తల చర్చలు చూసేవారు. అమ్మ కింద సీరియల్ చూసేది. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. తన గదిలో తన లోకం తనది. నేనూ మా ఆవిడా చెరో లాప్‌టాప్. అయిదుగురం, అయిదు తెరలు. అన్నం దగ్గర మాత్రం కలిసేవాళ్ళం. అక్కడ కూడా మా అమ్మాయి ఇంగ్లీషులో ఏదో అనేది, నేను తెలుగులో చెప్పేవాడిని, అమ్మ నవ్వేది. ఆ నవ్వు అర్థమై నవ్విందా, అర్థం కాక నవ్విందా అన్నది ఎప్పుడూ అనుమానమే.

ఇంతింత టికెట్లు పెట్టి అంతంత దూరం నుంచి తీసుకొచ్చి, వేరే వేరే గదుల్లో కూర్చోబెట్టామేంటి అని నాకు దిగులేసింది. అందుకని శనివారం సాయంత్రం సినిమా అని పెట్టుకున్నాం. మొదటి రెండు వారాలూ ఘోరంగా ఫెయిలయ్యాం. తెలుగు సినిమా పెడితే అమ్మాయి ఫోన్ చూసుకునేది, ఇంగ్లీష్ సినిమా పెడితే అమ్మ కునుకు తీసేది. మూడో వారం అనుకోకుండా కుదిరింది. ఎలాగో చెప్తాను.

ఆ రోజు "మాయాబజార్" పెట్టాం. 1957 సినిమా, కె.వి. రెడ్డి గారిది. నేను దూరంగా కూర్చున్నాను, మా అమ్మాయి వెళ్ళి తాతయ్య పక్కన కూర్చుంది. మావాళ్ళది తెనాలి. విజయా వాళ్ళలో చక్రపాణి గారిది తెనాలి ఐతానగరమే. ఇక మా నాన్న ఊరుకుంటారా? టైటిల్స్‌లో ఆ పేరు పడగానే, "ఆయన మా ఊరాయనే" అని మొదలెట్టారు. అక్కణ్ణించి ఆగలేదు. ఘటోత్కచుడు ఎవరి కొడుకు, బలరాముడికి ఎందుకు కోపం, శకుని పాచికల కథేంటి, అన్నీ ఆయనే చెప్పారు. పాప మధ్యలో అడుగుతూనే ఉంది. రిమోట్ తన చేతిలో ఉంది కాబట్టి, ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆపేసేది. నాకు చిరాకేసింది, ఆపకుండా చూడండి అన్నాను కూడా. మా ఆవిడ నా వంక చూసి "మీరు ఊరుకోండి" అంది.

అందులో ప్రియదర్శిని పెట్టె ఉంటుంది చూడండి, తెరిస్తే మనకి ఎవరు ఇష్టమో వాళ్ళు కనిపిస్తారు. శశిరేఖకి అందులో అభిమన్యుడు కనిపించగానే మా అమ్మాయి గట్టిగా, "తాతయ్యా, ఇది వీడియో కాల్!" అంది. నాన్న అంతలా నవ్వడం నేను చూసి ఎన్నేళ్ళయిందో. తరవాత వారం రోజులు మా ఇంట్లో అందరూ అసమదీయులో, తసమదీయులో. బ్రోకలీ తసమదీయురాలు. పెరుగన్నం అసమదీయురాలు.

మాయాబజార్ పెట్టేవాళ్ళకి రెండు మూడు మాటలు. ఇది మూడు గంటల సినిమా. ఒక్క రోజులో అవగొట్టాలని చూడకండి. ఘటోత్కచుడు వచ్చేదాకా ఒక రోజు, వచ్చాక రెండో రోజు. 2010లో రంగులు అద్దిన ప్రింటు వచ్చింది, చిన్నపిల్లలు ఉంటే అది పెట్టండి. మా నాన్న లాంటివాళ్ళుంటే నలుపు తెలుపే. వెన్నెల్లో పడవ మీద వెళ్ళే పాట వచ్చినప్పుడు, ఆ వెన్నెల సృష్టించింది మార్కస్ బార్ట్లీ అనే ఛాయాగ్రాహకుడని పిల్లలకి చెప్పండి. కంప్యూటర్లు లేని రోజుల్లో ఎలా చేశారా అని వాళ్ళే ఆలోచిస్తారు. సినిమా అయిపోయాక ఒక ప్రశ్న అడగండి: ఇది పాండవుల ఇంటి కథ కదా, పాండవులు ఎక్కడ? సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా కనిపించరు. పెద్దవాళ్ళలో కూడా చాలామంది అది గమనించి ఉండరు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. ఒక వారం మన సినిమా, ఒక వారం ఇక్కడి సినిమా. సినిమా తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళ పక్కన కూర్చోవాలి. రిమోట్ తెలియనివాళ్ళ చేతిలో ఉండాలి. అంతే. ఎవరికి అర్థం కాకపోతే వాళ్ళు ఆపుతారు. పక్కవాళ్ళు చెప్తారు.

రెండో వారం "హోమ్ అలోన్". 1990 సినిమా, మీ అందరికీ తెలిసిందే. చికాగో దగ్గర ఒక పెద్ద కుటుంబం క్రిస్మస్‌కి పారిస్ వెళ్తూ, హడావిడిలో ఎనిమిదేళ్ళ కుర్రాణ్ణి ఇంట్లోనే మర్చిపోతారు. ఈసారి మా అమ్మాయి నానమ్మ పక్కన. తన తెలుగు ఎంత వచ్చో అంతే, కానీ చెప్పాల్సిన బాధ్యత తనది. "నానమ్మా, వీళ్ళు దొంగలు. వీడు పాపం ఒక్కడే. ఈ ముసలాయన అందర్నీ చంపేస్తాడని అందరూ అనుకుంటారు" అని చెప్తోంది. అదే పిల్ల తెలుగు క్లాసులో నోరు విప్పదు!

మా అమ్మకి దొంగలు కిందామీదా పడటం నవ్వొచ్చింది కానీ, ఆవిడ అసలు చూసింది వేరు. పిల్లాడి తల్లి విమానం దొరక్క, చివరికి ఎవరో బ్యాండు వాళ్ళ వ్యానెక్కి వస్తుంది కదా, అక్కడ "మరి తల్లి కదా" అంది. తరవాత చర్చి సీను. ఆ పక్కింటి ముసలాయన కూర్చుని, పాటలు పాడే పిల్లల వంక చూస్తుంటాడు. ఆయన ఇంకా నోరు విప్పి ఏమీ చెప్పకముందే అమ్మ అంది: "హంతకుడూ కాదు, పాడూ కాదు. ఆయన మనవరాల్ని చూడ్డానికొచ్చాడే. ఇంటికి రానివ్వట్లేదు కామోసు." మా అమ్మాయి నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది, నానమ్మ ఈ సినిమా ముందే చూసిందా అని. చూడలేదు. ఆ అమ్మాయి ఆయన మనవరాలే. కొడుకుతో మాటల్లేవు. నేను ఈ సినిమా పదిసార్లు చూసి ఉంటాను. దొంగల కామెడీ కోసం చూశాను తప్ప, ఆ ముసలాయన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఇంగ్లీష్ సినిమాకి ఒక చిట్కా. ప్రతి డైలాగూ తెలుగులో చెప్పాలని చూడకండి. మీరు అలిసిపోతారు, వాళ్ళకి విసుగొస్తుంది. ఎవరు, ఏం కావాలి, ఎందుకు కోపం, ఈ మూడూ చెప్తే చాలు. మిగతాది మొహాల్లో తెలుస్తుంది.

ఇక ఇంటికి రెండు మూడు కుటుంబాలు వచ్చినప్పుడు, డిన్నర్ అయ్యాక అందరూ కింద కార్పెట్ మీద కూర్చున్నప్పుడు పెట్టాల్సింది "అహ నా పెళ్ళంట". 1987, జంధ్యాల గారిది. కోట శ్రీనివాసరావు గారు ఇంటికప్పుకి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తినే సీనుకి ఏ భాషా అక్కర్లేదు. మా ఇంటికొచ్చిన గుజరాతీ స్నేహితుల పిల్లలు కూడా పొట్టపట్టుకుని నవ్వారు. కోట గారు 2025 జూలైలో వెళ్ళిపోయారు. ఆయన్ని భయంకరమైన విలన్‌గానే గుర్తుపెట్టుకున్నవాళ్ళుంటే, ఈ సెలవుల్లో ఈ పిసినారి లక్ష్మీపతిని ఒకసారి చూడండి.

క్రిస్మస్ రోజుకి మన సినిమా ఏదైనా ఉందా అని ఒకరు అడిగారు. పండగ సినిమా అని కాదు కానీ, నేనైతే "మిస్సమ్మ" చెప్తాను. 1955, ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వం. సావిత్రి గారి పాత్ర పేరు మేరీ, క్రైస్తవుల అమ్మాయి. ఉద్యోగం దొరక్క అవస్థ పడుతున్న ఇద్దరు గ్రాడ్యుయేట్లు, భార్యాభర్తలైతేనే టీచర్ ఉద్యోగాలిస్తామన్న ప్రకటన చూసి, దంపతులమని చెప్పుకుని అప్పాపురం అనే ఊరెళ్తారు. ఆయన హిందువు, ఆవిడ క్రైస్తవురాలు. ఒకరి అలవాట్లు ఒకరికి పడక, అయినా ఒకే ఇంట్లో సర్దుకోవడం. డెబ్భై ఏళ్ళ క్రితం ఇంత తేలిగ్గా, ఎవర్నీ నొప్పించకుండా ఎలా తీశారా అనిపిస్తుంది. హెచ్-1, హెచ్-4 కాగితాలతో కుస్తీ పట్టినవాళ్ళకి ఆ ఉద్యోగం పాట్లు ఇంకొంచెం ఎక్కువ నవ్వు తెప్పిస్తాయి.

ఇప్పుడొక హెచ్చరిక. "శతమానం భవతి", 2017 సంక్రాంతికి వచ్చింది. చాలామంది అమ్మానాన్నలు రాగానే ఇదే పెడతారు. ఆత్రేయపురంలో ఉన్న తల్లిదండ్రులు, విదేశాల్లో ఉన్న పిల్లలు పండక్కి రారు, వాళ్ళని రప్పించడానికి తండ్రి ఒక ఎత్తు వేస్తాడు. ప్రకాశ్‌రాజ్, జయసుధ చాలా బాగా చేశారు. మంచి సినిమా. కానీ మీరు ఆరేళ్ళు ఊరెళ్ళకుండా ఉండి, ఇప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఈ సినిమా చూడాలంటే గుండె ధైర్యం కావాలి. మేం చూశాం. సినిమా మధ్యలో మా అమ్మ ఏమీ అనలేదు. ఒక్కసారి నా భుజం మీద తట్టింది. అది ఓదార్చడమో, చూశావా అనడమో నాకింకా తెలీదు. ముందు మీరొక్కరే చూసి, తరవాత వాళ్ళతో చూడండి.

ఇక చివరి సినిమా. అసలు ఈ ఎపిసోడ్ చేద్దామనుకున్నది దీనికోసమే.

"ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్". 1946, ఫ్రాంక్ కాప్రా తీశారు, జేమ్స్ స్టీవర్ట్ హీరో. వచ్చిన కొత్తలో పెద్దగా ఆడలేదు. 1974లో కాపీరైట్ రెన్యూ చెయ్యడం మర్చిపోయారు. దాంతో టీవీ ఛానెళ్ళు ఊరికే వస్తోంది కదా అని ప్రతి క్రిస్మస్‌కీ వేశాయి. అలా వేసి వేసి, ఇప్పుడు ఈ దేశంలో క్రిస్మస్ అంటే ఈ సినిమా అయింది. ఇరవై ఏళ్ళకి పైగా ఇక్కడున్నాను, నేను ఎప్పుడూ పూర్తిగా చూడలేదు. పాత సినిమా కాబట్టి నాన్నకి నచ్చుతుందిలే అని పెట్టాను.

కథ ఇది. బెడ్‌ఫర్డ్ ఫాల్స్ అనే చిన్న ఊరు. జార్జ్ బెయిలీ అనే కుర్రాడు. వాడికి ఊరు దాటి పోవాలి, ప్రపంచమంతా తిరగాలి. పెద్ద సూట్‌కేసు కొనుక్కోవడానికి దుకాణానికి కూడా వెళ్తాడు. సరిగ్గా అప్పుడే తండ్రి పోతాడు. తండ్రి నడిపే చిన్న సంస్థ ఒకటి ఉంటుంది, పేదవాళ్ళకి ఇళ్ళు కట్టుకోవడానికి అప్పులిచ్చేది. దాన్ని మూసెయ్యకుండా ఉండాలంటే జార్జ్ ఉండాలి. ఉండిపోతాడు. కాలేజీకి దాచుకున్న డబ్బు తమ్ముడికిస్తాడు. నువ్వు చదువుకుని వచ్చెయ్, అప్పుడు నేను వెళ్తా అంటాడు. తమ్ముడు చదువు పూర్తిచేసి పెళ్ళిచేసుకుని, వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వస్తాడు. జార్జ్ మళ్ళీ ఉండిపోతాడు.

మా నాన్న తెనాలి దగ్గర ఒక సహకార పరపతి సంఘంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. జనం భయపడి డబ్బులు వెనక్కి ఇమ్మని ఆ సంస్థ మీద పడతారు కదా, ఆ సీనులో ఆయన సోఫా అంచుకొచ్చి కూర్చున్నారు. రిమోట్ ఆయన చేతిలోనే ఉంది, ఆపారు. ఆపి మనవరాలికి చెప్పారు: "మన డబ్బు అక్కడ పెట్టెలో ఉండదమ్మా. అది అవతలాయన ఇంట్లో ఇటుకై ఉంటుంది. అందరూ ఒకేసారి అడిగితే ఎక్కణ్ణించి తెస్తారు?" జార్జ్ తన హనీమూన్‌కి దాచుకున్న రెండువేల డాలర్లు తీసి అందరికీ పంచి, సాయంత్రానికి రెండు డాలర్లు మిగిలితే పండగ చేసుకుంటాడు. నాన్న ఆ సీను రెండోసారి వేయించుకుని చూశారు.

తరవాత సినిమాని ఇంకా వెనక్కి తిప్పారు. తమ్ముడు రైలు దిగి, పెళ్ళాన్ని పరిచయం చేస్తాడు. జార్జ్ మొహం చూపిస్తారు. నాన్న మళ్ళీ ఆపారు. ఈసారి మనవరాలికి ఏమీ చెప్పలేదు. కాసేపాగి, మామూలుగా, టీ కావాలన్నట్టుగా, "వీడు మన పెద్దాడేరా" అన్నారు.

పెద్దాడు అంటే మా అన్నయ్య. 1999లో అన్నయ్యకి పుణెలో ఉద్యోగం వచ్చింది. అదే సంవత్సరం నాన్నకి గుండె ఆపరేషన్. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఎవరో ఒకరు ఉండాలి. అన్నయ్య వెళ్ళలేదు. ఊళ్ళోనే ఎరువుల దుకాణం పెట్టాడు. నేను 2001లో ఇక్కడికొచ్చాను. నా టికెట్‌లో సగం డబ్బు ఆ దుకాణానిదే. ఇన్నేళ్ళలో ఎవ్వరం ఈ మాట పైకి అనుకోలేదు. నేను డబ్బు పంపుతాను, అన్నయ్య అమ్మానాన్నల్ని చూసుకుంటాడు, ఫోన్లో వర్షాల గురించీ మిర్చి రేటు గురించీ మాట్లాడుకుంటాం. అంతా సరిగ్గానే ఉందనుకున్నాను. ఆ రోజు ఆ తెర మీద బొమ్మ ఆగిపోయి ఉంటే, నేను రైలు దిగిన తమ్ముడి మొహం వైపు చూడలేకపోయాను.

మిగతా సినిమా చూశాం. కథ చెప్పను. సినిమా చివర్లో హీరో బతుకు మీద ఆశ వదులుకుని వంతెన మీదికి వెళ్తాడు, అది పదేళ్ళలోపు పిల్లలకి కొంచెం బరువు. మీరు ముందు చూసుకోండి. ఒక చిన్న విషయం మాత్రం చెప్తాను. వాళ్ళింట్లో మెట్ల దగ్గర కటకటాల మీద గుబ్బ ఒకటి ఊడిపోయి ఉంటుంది. జార్జ్ పట్టుకున్నప్పుడల్లా చేతిలోకి వచ్చేస్తుంది, వాడికి ఒళ్ళు మండుతుంది. చివర్లో అది మళ్ళీ వస్తుంది. చూడండి.

అప్పుడు రాత్రి తొమ్మిదయింది. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదంటే అక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర. అన్నయ్యకి వీడియో కాల్ చేశాను. ఏం చెప్పాలో తెలీక, "ఒక సినిమా చూడన్నయ్యా" అన్నాను. "ఇంత పొద్దున్నే సినిమా కోసం ఫోన్ చేశావా?" అన్నాడు. నాన్న ఫోన్ లాక్కుని, "దుకాణానికి తాళమేసి చూడరా" అన్నారు. మా అమ్మాయి పక్కనుంచి, "ప్రియదర్శినిలో పెదనాన్న!" అని అరిచింది.

అన్నయ్య ఆ సినిమా వెంటనే చూడలేదు. దాదాపు నెల తరవాత, సంక్రాంతి వెళ్ళాక, తనే ఫోన్ చేశాడు. "ఆ మెట్ల మీద గుబ్బ ఉంది చూశావా, మన గేటు గడియ లాంటిదేరా" అన్నాడు. మా తెనాలి ఇంటి గేటు గడియ ఇరవై ఏళ్ళ నుంచి ఊడుతూనే ఉంది, అన్నయ్య రోజూ దాన్ని తిడుతూనే ఉంటాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత నేనడిగాను, "నీకు ఎప్పుడైనా వెళ్ళిపోవాలనిపించిందా అన్నయ్యా?" అని. ఆ మాట అడగడానికి నాకు ఇరవై అయిదేళ్ళు పట్టింది. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇప్పుడు లేదురా. అప్పుడుండేది" అన్నాడు. అంతే. మళ్ళీ మిర్చి రేటులోకి వెళ్ళిపోయాం. కానీ అప్పట్నుంచి మా మాటలు కొంచెం మారాయి. దుకాణంలో నష్టమొస్తే నాకు చెప్తున్నాడు. ఇంతకు ముందు చెప్పేవాడు కాదు.

ఈ ఏడాది అమ్మానాన్నలు రావట్లేదు. అమ్మ మోకాళ్ళు, అంతసేపు విమానంలో కూర్చోలేదు. అందుకని ఈసారి శనివారం రాత్రి ఇక్కడ మేము, ఆదివారం పొద్దున అక్కడ వాళ్ళు, ఒకేసారి సినిమా మొదలెడదామని అనుకున్నాం. మొదటి సినిమా అన్నయ్యే చెప్పాడు. "సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు", 2013 సంక్రాంతి సినిమా. వెంకటేశ్, మహేశ్‌బాబు అన్నదమ్ములు. సినిమా మొత్తం వాళ్ళకి పేర్లుండవు, పెద్దోడు, చిన్నోడు అంతే. కథ అంటే పెద్దగా ఏమీ లేదు. ఇద్దరు అన్నదమ్ములు అలగడం, అన్నం తినడం, మళ్ళీ అలగడం. మాకు అది చాలు.

చివరగా పనికొచ్చే మాటలు నాలుగు. సాయంత్రం అయిదింటికే మొదలెట్టండి, పెద్దవాళ్ళు తొమ్మిదికల్లా పడుకుంటారు. సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో అందరూ కూర్చోకముందే చూసుకోండి. తెలుగు సినిమాకి పిల్లలకోసం కావాలి, ఇంగ్లీష్ సినిమాకి చెవులు సరిగ్గా వినబడని మా నాన్న లాంటివాళ్ళకోసం కావాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని లోతు సోఫాలో కూర్చోబెట్టకండి, చేతులున్న కుర్చీ వెయ్యండి. ఎవరైనా సినిమా ఆపితే విసుక్కోకండి. ఈ చివరి మాట నాకు నేను చెప్పుకుంటున్నాను.

మీ ఇంట్లో ఏం చూశారో, ఎక్కడ ఆపారో, ఆపినప్పుడు ఎవరు ఏమన్నారో మాకు రాసి పంపండి. వాయిస్ మెసేజ్ అయినా సరే. వచ్చే ఎపిసోడ్‌లో వాటిల్లో కొన్ని వినిపిస్తాను. అందరికీ సెలవుల శుభాకాంక్షలు, ముందుగానే సంక్రాంతి శుభాకాంక్షలు కూడా. ఉంటానండీ, నమస్తే.